డేటా సెంటర్ వస్తే మా బోర్ల సంగతేమిటి?

ఈ నెల మా శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం దక్షిణ తెలంగాణ నుంచి వచ్చినవే. వాటిలో ఎక్కువమంది అడిగింది డేటా సెంటర్ల గురించే. 2022 మార్చిలో మైక్రోసాఫ్ట్ సంస్థ హైదరాబాద్ ప్రాంతంలో పదిహేనేళ్ల వ్యవధిలో 15,000 కోట్ల రూపాయలకు పైగా పెట్టుబడితో డేటా సెంటర్లు నెలకొల్పుతామని ప్రకటించింది. అదే ఏడాది నవంబరులో అమెజాన్ తన హైదరాబాద్ కేంద్రాలను ప్రారంభిస్తూ, 2030 నాటికి 36,300 కోట్ల రూపాయలు వెచ్చిస్తామని చెప్పింది. విమానాశ్రయం, జాతీయ రహదారి, హైటెన్షన్ విద్యుత్ లైన్లు అందుబాటులో ఉండటం, భూకంపాల ముప్పు తక్కువగా ఉండటం వల్ల ఈ కట్టడాలకు నగరానికి దక్షిణాన ఉన్న భూములు అనువుగా కనిపిస్తున్నాయి. ఇవాళ రంగారెడ్డి జిల్లాలో ఉన్న షాద్‌నగర్, కొత్తూరు, ఆమనగల్లు ప్రాంతాలు 2016 అక్టోబరు వరకు పాలమూరు జిల్లాలోనే ఉండేవి. అక్కడి పాఠకులతోపాటు జడ్చర్ల, మర్రిగూడ, మిర్యాలగూడ వైపు నుంచి కూడా ఉత్తరాలు వచ్చినందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని ఈ ఒక్క విషయానికే కేటాయించాను. పాఠకుల పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మాది షాద్‌నగర్ దగ్గర చిన్న ఊరు. మా పొలాలకు కిలోమీటరున్నర దూరంలో డేటా సెంటర్ కడతారని అంటున్నారు. అది రోజూ లక్షల లీటర్ల నీళ్లు తాగుతుందని కొందరు, అసలు చుక్క నీరు కూడా అక్కర్లేదని మరికొందరు చెబుతున్నారు. నాకు నాలుగెకరాల పొలం, రెండు బోర్లు ఉన్నాయి. ఒక బోరు ఏప్రిల్ వచ్చేసరికే ఎండిపోతుంది. ఎవరి మాట నమ్మాలి? – ఒక రైతు, షాద్‌నగర్ ప్రాంతం

ఇద్దరి మాటా నిజమే కావచ్చు. ఆ కేంద్రాన్ని ఏ పద్ధతిలో చల్లబరుస్తారన్న దానిమీదే అది ఆధారపడి ఉంటుంది. డేటా సెంటర్ అంటే వేలాది కంప్యూటర్లు ఒకే కప్పు కింద రాత్రింబవళ్లు పనిచేసే భవనం. ఆ యంత్రాలలోకి వెళ్లిన కరెంటు అంతా చివరికి వేడిగానే బయటపడుతుంది. ఆ వేడిని ఎప్పటికప్పుడు తీసివేయకపోతే యంత్రాలు ఆగిపోతాయి. వేడిని తీసే పద్ధతుల్లో చౌకైనది, కరెంటు తక్కువ పట్టేది నీటిని ఆవిరి చేయడం. ఎండాకాలంలో మనం ఇంట్లో పెట్టుకునే కూలర్‌లో జరిగేదే అక్కడ పెద్ద కూలింగ్ టవర్లలో జరుగుతుంది. ఒక యూనిట్ కరెంటు వల్ల పుట్టిన వేడిని పూర్తిగా ఆవిరితోనే తొలగించాలంటే దాదాపు లీటరున్నర నీరు గాలిలో కలిసిపోతుంది. టవర్లలో మిగిలే ఉప్పు నీటిని మధ్యమధ్య బయటకు వదలాలి కనుక, ఇలాంటి కేంద్రాలకు యూనిట్‌కు 1.8 లీటర్లన్న సగటును లెక్కకు తీసుకోవడం వాడుకలో ఉంది.

ఈ లెక్కను మీ ఊరి కొలతల్లోకి తెచ్చుకుందాం. 100 మెగావాట్ల కేంద్రం పూర్తి సామర్థ్యంతో నడిస్తే రోజుకు 24 లక్షల యూనిట్లు ఖర్చవుతాయి, అంటే రోజుకు 43 లక్షల లీటర్లకు పైగా నీరు కావాలి. 5,000 లీటర్ల ట్యాంకర్లతో మోయవలసి వస్తే అవి రోజుకు 860 దాటుతాయి. మిషన్ భగీరథలో పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్ల చొప్పున లెక్క వేశారు. ఆ ప్రకారం అది 43,000 మంది తాగునీటితో సమానం. 10 మెగావాట్ల చిన్న కేంద్రమైతే ఇందులో పదో వంతు. ఏ కేంద్రమూ ఏడాది పొడవునా పూర్తి లోడుతో నడవదు, చలికాలంలో అవసరం తగ్గుతుంది. కాబట్టి దీన్ని గరిష్ఠ అంచనాగానే తీసుకోవాలి.

ఈ లెక్కకు రెండో వైపు కూడా చెప్పకపోతే మీకు అన్యాయం చేసినవాణ్నవుతాను. ఒక ఎకరం వరికి ఒక కారులో, అంటే ఒక పంట కాలంలో, సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు పడుతుందనుకుంటే అది దాదాపు 48 లక్షల లీటర్లు. అంటే పైన చెప్పిన కేంద్రం ఏడాదంతా తాగే నీరు సుమారు 325 ఎకరాల ఒక కారు వరికి సరిపోయే నీరు. ఒక టీఎంసీలో పద్దెనిమిదో వంతు. జిల్లా మొత్తం లెక్కలో చూస్తే ఇది చిన్న అంకెగానే కనిపిస్తుంది. అధికారులు ఈ పోలికనే మీ ముందుంచితే అది అబద్ధం కాదు. కానీ మీ ప్రశ్నకు అది సమాధానం కాదు. నదిలోనో పెద్ద కాలువలోనో పారే నీటికి, నీరు దొరకడమే కష్టమైన రాతినేల కింద ఉన్న నీటికి ఒకే తూకం వేయకూడదు.

మన పాలమూరు, నల్లగొండ నేల ఎక్కువ భాగం గ్రానైటు రాయి. పైన మెత్తబడిన పొరలోనూ, దాని కింద రాతి పగుళ్లలోనూ మాత్రమే నీరు నిలుస్తుంది. ఇసుక నేలలో మాదిరిగా నీరు అన్ని వైపుల నుంచి సమానంగా వచ్చి చేరదు. అందుకే ఒకే గట్టుకు అటూ ఇటూ ఉన్న రెండు బోర్లలో ఒకటి మూడు ఇంచులు పోస్తుంటే రెండోది దుమ్ము పోస్తుంది. పెద్ద వినియోగదారు ఎవరైనా ఒక పగులు మీద లోతైన బోరు వేసి రోజుకు ఇరవై గంటలు తోడితే, అదే పగులు మీద ఉన్న మీ బోరు కిలోమీటరు అవతల ఉన్నా దెబ్బతినవచ్చు; వేరే పగులు మీద ఉన్న బోరు పక్కనే ఉన్నా చెక్కుచెదరకపోవచ్చు. ఆ ప్రాంతంలో ఏడాదికి పడేదే 600 చిల్లర మిల్లీమీటర్ల వాన. వాటర్ కూలింగ్ అవసరం గరిష్ఠానికి చేరేది కూడా మీ బోరు ఎండే ఏప్రిల్, మే నెలల్లోనే. భూగర్భజలాల పనిలో చాలా ఏళ్లు గడిపినవాడిగా నేను భయపడేది మొత్తం నీటి పరిమాణం గురించి కాదు, ఆ రెండు నెలల గురించి.

కాబట్టి మీరు అడగవలసిన మొదటి ప్రశ్న ఎన్ని లీటర్లని కాదు, ఏ నీరని. పైపులైను ద్వారా వచ్చే కృష్ణా నీరా, నగరంలో శుద్ధి చేసిన మురుగునీరా, ఆ ఆవరణలోనే వేసే బోర్లా, చుట్టుపక్కల ఊళ్ల బోర్ల నుంచి ట్యాంకర్లలో తెచ్చే నీరా? నా అభిప్రాయంలో శుద్ధి చేసిన మురుగునీటిని పైపులో తెచ్చి వాడుకునే కేంద్రానికి మీరు అడ్డు చెప్పనవసరం లేదు. ఆవరణలో బోర్లు వేస్తామంటే మాత్రం అంగీకరించవద్దు. మన రాష్ట్రంలో అమలులో ఉన్న 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం బోరు వేయడానికి అనుమతి తప్పనిసరి. ఆ నిబంధన చిన్న రైతుకు ఎంత వర్తిస్తుందో పెద్ద సంస్థకూ అంతే వర్తిస్తుంది. కట్టడం నడిచే రెండు మూడేళ్లలో కాంక్రీటుకు, క్యూరింగుకు కావలసిన నీటి సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోండి. ఊళ్లో ఒకరిద్దరు తమ బోరు నీటిని ట్యాంకర్లకు అమ్ముకోవడం మొదలుపెడితే దాని ఫలితం పక్క పొలాలు అనుభవిస్తాయి.

అంకెలు బయటకు రావడం ఎందుకు ముఖ్యమో అమెరికాలోని ఒక చిన్న పట్టణం అనుభవం చెబుతుంది. ఆరెగాన్ రాష్ట్రంలోని ద డాల్స్ పట్టణంలో గూగుల్ డేటా సెంటర్లు ఎంత నీరు వాడుతున్నాయని ఒక పత్రిక అడిగితే, అది వ్యాపార రహస్యమంటూ పట్టణ పాలకవర్గం కోర్టుకు వెళ్లింది. చివరికి 2022 డిసెంబరులో రాజీ కుదిరి వివరాలు బయటపెట్టారు. 2021లో ఆ కేంద్రాలు వాడిన నీరు 35.5 కోట్ల గ్యాలన్లు, అంటే సుమారు 134 కోట్ల లీటర్లు. ఆ పట్టణం మొత్తం వాడకంలో నాలుగో వంతు కన్నా ఎక్కువ. ప్రజల కుళాయి నీటి వివరాన్ని తెలుసుకోవడానికి కోర్టు దాకా పోవలసిన పరిస్థితి మన ఊళ్లకు రాకూడదు.

ప్రశ్న: ఇప్పుడు కొత్తగా కట్టేవాటికి నీరే అవసరం లేదని చదివాను. అదే నిజమైతే ఇక సమస్య లేనట్టే కదా? కానీ కరెంటు సంగతి ఏమిటి? యాసంగిలో మా మోటర్లకు వచ్చే కరెంటు తగ్గుతుందా? – ఒక ఉపాధ్యాయుడు, మిర్యాలగూడ

మీరు చదివింది నిజమే. ఒకసారి నింపిన నీటినో ద్రవాన్నో మూసిన గొట్టాలలో తిప్పుతూ, సర్వర్ చిప్పుల దగ్గరి వేడిని మోసుకువచ్చి, బయట ఫ్యాన్లు, చిల్లర్లనే శీతలీకరణ యంత్రాల సాయంతో గాలిలోకి వదిలే పద్ధతి ఇది. చల్లబరచడానికి నీటిని ఆవిరి చేయని ఈ నమూనాను 2024 ఆగస్టు నుంచి తన కొత్త కేంద్రాలకు ఎంచుకున్నామని, దీనివల్ల ఒక్కో కేంద్రంలో ఏడాదికి 12.5 కోట్ల లీటర్లకు పైగా ఆదా అవుతుందని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. కాబట్టి మన దగ్గరికి వచ్చే కేంద్రానికి ఇది సాధ్యం కాదని ఎవరైనా అంటే, ఎందుకు సాధ్యం కాదో చెప్పమని నిలదీయవచ్చు.

అయితే నీరు ఆదా అయిన చోట కరెంటు ఖర్చు పెరుగుతుంది. బయట 42 డిగ్రీల ఎండ కాస్తున్నప్పుడు గాలితోనే చల్లబరచాలంటే కంప్రెషర్లు గట్టిగా పనిచేయాలి. ఆ అదనపు కరెంటు పుట్టే చోట మళ్లీ నీరు కావాలి. 2017 జనవరి తర్వాత నెలకొల్పే బొగ్గు విద్యుత్ కేంద్రాలు ఒక మెగావాట్ గంటకు 3 ఘనపు మీటర్లకు మించి నీరు వాడకూడదని కేంద్ర ప్రభుత్వం నిబంధన పెట్టింది. అంటే యూనిట్‌కు 3 లీటర్ల వరకు వాడవచ్చు. మీకు దగ్గరలోనే, దామరచర్ల మండలం వీర్లపాలెం వద్ద 800 మెగావాట్ల యూనిట్లు అయిదింటితో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం ఉంది. ఆ కేంద్రానికి కావలసిన నీరు కృష్ణ నుంచే వస్తుంది. 100 మెగావాట్ల డేటా సెంటర్‌కు కావలసిన కరెంటు పూర్తిగా ఇలాంటి బొగ్గు కేంద్రం నుంచే వస్తుందనుకుంటే, ఆ కరెంటు కోసం రోజుకు 72 లక్షల లీటర్ల వరకు నీరు ఖర్చవుతుంది. ఇది ఆవిరితో చల్లబరిచే కేంద్రం స్వయంగా తాగే నీటికన్నా ఎక్కువ. గ్రిడ్‌లోకి సౌర విద్యుత్తు, జల విద్యుత్తు కూడా వస్తాయి కనుక అసలు అంకె దీనికన్నా తక్కువగానే ఉంటుంది. అయినా షాద్‌నగర్ దగ్గర చుక్క నీరు వాడని కేంద్రం దామరచర్ల దగ్గర కృష్ణ నీటిని వాడుతూనే ఉంటుందన్న సంగతి మిర్యాలగూడ వాసిగా మీరు గుర్తుంచుకోవలసినది. సౌర విద్యుత్తు కొంటున్నామని సంస్థలు చెప్పినప్పుడు, సూర్యుడు అస్తమించిన తర్వాత ఆ కేంద్రం దేనితో నడుస్తుందని అడగడం తప్పేమీ కాదు.

మీ మోటర్ల విషయానికి వస్తే, ఇంత పెద్ద లోడును మీ పొలం ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న లైనుపై వేయరు. 132 లేదా 220 కిలోవోల్టుల సబ్‌స్టేషన్ నుంచి వేరుగా లైను ఇస్తారు. అందువల్ల డేటా సెంటర్ నడవడం వల్ల నేరుగా మీ ఊళ్లో వోల్టేజీ పడిపోతుందని భయపడనవసరం లేదు. చూడవలసింది రాష్ట్రం మొత్తం డిమాండును. మన రాష్ట్రంలో కరెంటు వాడకం గరిష్ఠానికి చేరేది యాసంగి వరి చివరి తడుల కాలంలో. 2025 మార్చిలో అది 17,000 మెగావాట్లు దాటింది. అందులో 100 మెగావాట్లు నూటికి ఒక వంతు కూడా కాదు. కానీ అలాంటివి పది, ఇరవై వచ్చినప్పుడు, పైగా అవి రైతు మోటరులా వంతులవారీగా కాక 24 గంటలూ ఒకే తీరుగా కరెంటు లాగినప్పుడు, లెక్క మారిపోతుంది. ఐర్లండ్ దేశంలో 2023 నాటికి మీటర్ల ద్వారా వినియోగమైన విద్యుత్తులో 21 శాతం డేటా సెంటర్లకే పోయింది. ప్రపంచం మొత్తం మీద 2024లో ఇవి సుమారు 415 టెరావాట్ గంటల కరెంటు వాడాయని, 2030 నాటికి అది దాదాపు 945కు చేరవచ్చని అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా వేసింది.

కొత్త సబ్‌స్టేషన్లు, లైన్ల ఖర్చును ఎవరు భరిస్తారన్నది ఇందులో అసలు మెలిక. ఆ ఖర్చు అందరి బిల్లుల్లోకి చేరుతుందా, లేక ఆ సంస్థే చెల్లిస్తుందా అన్నది విద్యుత్ నియంత్రణ మండలి ముందు తేలే విషయం. డిస్కంలు, అంటే విద్యుత్ పంపిణీ సంస్థలు, ఏటా తమ ఆదాయ అవసరాలను మండలికి సమర్పించినప్పుడు అభ్యంతరాలు పిలిచి బహిరంగ విచారణ జరుపుతారు. రాతపూర్వకంగా అభ్యంతరం పంపడానికి సామాన్య వినియోగదారుకూ హక్కు ఉంది. రైతు సంఘాలు ఈ అవకాశాన్ని ఇంకా ఎక్కువగా వాడుకోవాలి.

ప్రశ్న: మాది ఫ్లోరైడ్‌తో నలిగిపోయిన ప్రాంతం. మా అత్తమ్మకు నడుము వంగిపోయి ఇరవై ఏళ్లయింది. భగీరథ నీళ్లు వచ్చాక పిల్లలకు ఆ బాధ లేదనుకుంటున్నాం. డేటా సెంటర్ల నుంచి వచ్చే నీరు మా కుంటల్లోకి వస్తే మళ్లీ ఫ్లోరైడ్ పెరుగుతుందా? – ఒక గృహిణి, మర్రిగూడ మండలం

మీరు అడిగిన ప్రశ్న చాలామంది ఇంజినీర్లు కూడా అడగనిది. డేటా సెంటర్ కొత్తగా ఫ్లోరైడ్‌ను పుట్టించదు. కానీ ఉన్నదాన్ని చిక్కబరచగలదు. కూలింగ్ టవర్‌లో ఆవిరైపోయేది నీరు మాత్రమే. అందులోని ఉప్పులు, ఫ్లోరైడ్ అక్కడే మిగిలిపోతాయి. నీటిని నాలుగింతలు చిక్కబడేదాకా తిప్పి ఆ తర్వాత బయటకు వదిలితే, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్‌తో లోపలికి వెళ్లిన బోరు నీరు దాదాపు 6 మిల్లీగ్రాములతో బయటకు వస్తుంది. తాగునీటిలో 1.5 మిల్లీగ్రాములే గరిష్ఠ పరిమితి. పైగా గొట్టాలకు తుప్పు పట్టకుండా, పాచి పెరగకుండా కలిపే రసాయనాలు కూడా ఆ నీటిలో ఉంటాయి. ఫ్లోరైడ్ తక్కువగా ఉన్న నది నీటిని వాడితే ఈ సమస్య బాగా తగ్గుతుంది. ఏ నీటిని వాడినా, వదిలిన నీటిని శుద్ధి చేయకుండా వాగులోకో కుంటలోకో పంపకూడదు. చెరువు నీరు నేలలోకి ఇంకి మళ్లీ మీ బోరులోకే చేరుతుంది.

మరో సంగతి. నీటిమట్టం పడిపోయి బోర్లను లోతు చేసుకుంటూ పోయిన చోట్ల ఫ్లోరైడ్ పెరగడం నల్లగొండ జిల్లాలో ఎన్నో ఊళ్లు అనుభవించాయి. లోతున రాతి పగుళ్లలో ఎక్కువ కాలం నిలిచిన నీటిలోకి ఆ రాతి నుంచే ఫ్లోరైడ్ చేరుతుంది. ఈ జిల్లాలో ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ వ్యాధి మొదట బయటపడింది 1945లో, బట్లపల్లిలో. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తొలగించే విధానానికి ప్రపంచమంతటా నల్లగొండ పద్ధతి అన్న పేరే స్థిరపడింది. ఇన్ని తరాలు బాధపడిన ప్రాంతంలో, పరిశ్రమ వదిలే నీటిని ప్రతి నెలా పరీక్షించి ఫలితాన్ని పంచాయతీ కార్యాలయం గోడమీద అంటించాలని కోరడం అతిగా అడగడం కాదు. మీ ఇంట్లో తాగడానికి, వంటకు భగీరథ నీటినే వాడండి. అది రాని రోజున కూడా పరీక్ష చేయించని బోరు నీటిని పిల్లలకు ఇవ్వకండి.

ప్రశ్న: మా ఊరి దగ్గర డేటా సెంటర్‌లో వెయ్యి ఉద్యోగాలు వస్తాయని చెబుతున్నారు. నేను డిప్లొమా చదువుతున్నాను. నమ్మవచ్చా? – ఒక విద్యార్థి, జడ్చర్ల

కట్టడం జరిగే కాలంలో అంతమందికీ, అంతకన్నా ఎక్కువమందికీ పని దొరకవచ్చు. కట్టడం పూర్తయ్యాక ఆ సంఖ్య నిలవదు. డేటా సెంటర్ స్వభావమే అది: వేల కోట్ల పెట్టుబడిలో అధిక భాగం యంత్రాలకు పోతుంది, మనుషులకు కాదు. ఒక పెద్ద కేంద్రం నడవడానికి పదుల సంఖ్యలోనో, కొన్ని వందల్లోనో మనుషులు చాలు. అందులోనూ భద్రత, శుభ్రత పనులు ఎక్కువ. ఎవరైనా ఒక సంఖ్య చెబితే అందులో కట్టడం పనులెన్ని, శాశ్వత ఉద్యోగాలెన్ని, సంస్థ నేరుగా ఇచ్చేవెన్ని, కాంట్రాక్టరు ద్వారా వచ్చేవెన్ని అని విడివిడిగా అడగండి.

అయినా నిరాశపడకండి. అక్కడ నిజంగా కావలసినవారు సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ల కన్నా ఎలక్ట్రికల్ టెక్నీషియన్లు, చిల్లర్లను నడిపేవారు, జనరేటర్లు, బ్యాటరీలు, ఫైర్ సేఫ్టీ చూసేవారు. ఎలక్ట్రికల్ డిప్లొమా, ఐటీఐలో ఎలక్ట్రీషియన్, రిఫ్రిజిరేషన్ అండ్ ఎయిర్ కండిషనింగ్ ట్రేడ్లు చదివినవారికి ఇవి తగిన పనులే. చుట్టుపక్కల మండలాల పాలిటెక్నిక్, ఐటీఐలలో ఈ శిక్షణకు సంస్థ సాయం చేయాలని, అప్రెంటిస్‌లుగా స్థానికులను తీసుకోవాలని అనుమతుల దశలోనే రాతపూర్వకంగా ఒప్పించుకోవాలి. గోడ లేచాక ఆ మాట వినేవారుండరు. తరతరాలుగా పాలమూరు కూలీలు ఊరు విడిచి దూర ప్రాంతాల్లో ఆనకట్టలు కట్టారు. ఇప్పుడు ఊరి పక్కనే కడుతున్న దానిలోనైనా కట్టడం అయ్యాక వారి పిల్లలకు చోటు ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. కాంట్రాక్టరు ద్వారా చేరితే మొదటి నెలలోనే పీఎఫ్, ఈఎస్‌ఐ నంబర్లు అడిగి తీసుకోండి.

ప్రశ్న: డేటా సెంటర్ నుంచి రేడియేషన్ వస్తుందా? గర్భిణులకు ప్రమాదమా? – ఒక ఆశ కార్యకర్త, కొత్తూరు మండలం

రాదు. సర్వర్లు మన ఇళ్లలోని కంప్యూటర్ల లాంటివే; ఆ భయంతో ఎవరూ ఊరు విడవనవసరం లేదు. మీరు గమనించవలసినవి శబ్దం, డీజిల్ పొగ. కరెంటు పోయిన క్షణంలో పదుల సంఖ్యలో పెద్ద జనరేటర్లు ఒకేసారి మొదలవుతాయి. కరెంటు ఉన్నా వాటిని పరీక్ష కోసం అప్పుడప్పుడూ నడుపుతారు. గాలితో చల్లబరిచే కేంద్రమైతే ఫ్యాన్ల హోరు రాత్రంతా ఆగదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు 45 డెసిబెల్స్ దాటకూడదు. శబ్దం దాటుతోందనిపిస్తే తేదీ, సమయం రాసుకుని కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయించండి. ఉబ్బసం ఉన్నవారి వివరాలు ఇప్పటినుంచే మీ రిజిస్టరులో విడిగా రాసి ఉంచితే తర్వాత పోల్చి చూడటానికి ఉపయోగపడుతుంది.

ప్రశ్న: మాది తండా. మాకు లావుణి పట్టా భూమి రెండెకరాలు ఉంది. కంపెనీకి ఇవ్వాలని, లేకపోతే ప్రభుత్వం ఊరికే తీసుకుంటుందని ఒక మధ్యవర్తి బెదిరిస్తున్నాడు. మాకు ఏమీ రాదా? – ఒక మహిళా రైతు, ఆమనగల్లు ప్రాంతం

అమ్మా, ముందుగా ఏ కాగితం మీదా సంతకం గాని వేలిముద్ర గాని వేయకండి. లావుణి పట్టా భూమి అంటే ప్రభుత్వం కేటాయించిన అసైన్డ్ భూమే; దాన్ని అమ్మడం, కొనడం 1977 నాటి చట్టం ప్రకారం చెల్లదు. ఆ మధ్యవర్తి మీ భూమిని కొన్నట్టు రాయించుకున్నా అది మీకూ చిక్కే, అతనికీ చిక్కే. ప్రభుత్వం భూమిని సేకరిస్తే 2013 భూసేకరణ చట్టం మిమ్మల్ని విస్మరించదు. ప్రభుత్వం కేటాయించిన భూమిని సాగు చేసుకునే కుటుంబం కూడా ఆ చట్టం దృష్టిలో బాధిత కుటుంబమే. సొంత భూమి లేకున్నా, సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమిమీదే ప్రధానంగా బతికిన కౌలు రైతులు, వ్యవసాయ కూలీలు కూడా అందులోకి వస్తారు. గ్రామీణ ప్రాంతంలో పరిహారం మార్కెట్ విలువకు రెండింతల నుంచి నాలుగింతల వరకు ఉండవచ్చు.

ఇక్కడొక మోసపూరితమైన మలుపు ఉంది. మార్కెట్ విలువను రిజిస్ట్రేషన్ విలువల ఆధారంగా లెక్కిస్తారు. బయట ఎకరం కోట్లు పలుకుతున్నా కాగితం మీద విలువ తక్కువగా ఉన్న ఊళ్లలో నాలుగింతలు ఇచ్చినా అది అసలు ధరకు చేరదు. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్ కోసం భూములు కోల్పోయిన రైతులు న్యాయమైన పరిహారం కోసం ఏళ్ల తరబడి పోరాడవలసి వచ్చింది. ఆ చేదు మన ప్రాంతంలో అందరికీ గుర్తుంది. కాబట్టి మీ తండాలో భూములున్నవారంతా ఒక్కటిగా తహసీల్దారును కలవండి. పట్టా నకలు, సాగులో ఉన్నట్టు చూపే పాత కాగితాలు, బోరు, చెట్ల వివరాలు జాగ్రత్త చేసుకోండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో మహిళలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికి ఉచిత న్యాయ సాయం దొరుకుతుంది. మీ మేకలు, పశువులు మేసే గైరాన్ భూమి సంగతి కూడా దరఖాస్తులో రాయించండి. అది ఎవరి పేరునా ఉండదు కనుక ఎవరి లెక్కలోకీ రాకుండా పోతుంది.

ప్రశ్న: నేను కొత్తగా ఎన్నికైన సర్పంచిని. మా గ్రామ పరిధిలో డేటా సెంటర్‌కు స్థలం ఇచ్చారు. ప్రజాభిప్రాయ సేకరణ ఉండదని అధికారులు చెప్పారు. అయితే పంచాయతీ చేయగలిగింది ఏమీ లేదా? – ఒక సర్పంచ్, మహబూబ్‌నగర్ జిల్లా

అధికారులు చెప్పిన మాట చట్టప్రకారం సరైనదే. 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ కింద 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మాణాలకు పర్యావరణ అనుమతి కావాలి; కానీ భవన నిర్మాణాల విభాగానికి ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఇచ్చారు. మామూలు భవనంలా కనిపించినా పట్టణమంత కరెంటు వాడే కట్టడానికి ఈ మినహాయింపు తగదన్నది నా గట్టి అభిప్రాయం. చట్టం మారేదాకా ఉన్న దారులనే వాడుకోవాలి.

అనుమతి వచ్చిన తర్వాత దాని ప్రతిని సంస్థ పంచాయతీకి ఇవ్వాలి. పంచాయతీ దాన్ని 30 రోజులు ప్రదర్శించాలి. ఆ ప్రతి మీకు అందిందా? అందకపోతే మొదటి లేఖ దాని కోసమే రాయండి. నీటి వనరు ఏది, రోజుకు ఎంత, వదిలే నీరు ఎక్కడికి, జనరేటర్లు ఎన్ని అన్న వివరాలు అందులోనే ఉంటాయి. ఆరు నెలలకోసారి, జూన్ 1న, డిసెంబరు 1న సంస్థ అమలు నివేదిక ఇవ్వాలి. అవి బహిరంగ పత్రాలే. నీటి కేటాయింపు, విద్యుత్ లోడు, కాలుష్య మండలి అనుమతుల గురించి సంబంధిత ప్రభుత్వ కార్యాలయాలకు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేస్తే 30 రోజుల్లో సమాధానం రావాలి. కొత్త హైటెన్షన్ లైను మీ రైతుల పొలాల మీదుగా పోతుంటే, టవరు కింది భూమికి విలువలో 200 శాతం, తీగల కింది భూమికి 30 శాతం పరిహారమని 2024 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాలను కలెక్టరు ముందుంచి, ఇక్కడ ఎలా అమలు చేస్తారని అడగండి.

ఆస్తిపన్ను సంగతి కూడా తేల్చుకోండి. స్థలం పారిశ్రామిక ప్రాంత స్థానిక సంస్థ పరిధిలోకి వెళితే పన్నును ఆ సంస్థే వసూలు చేసి పంచాయతీకి ఒక వాటా ఇస్తుంది. ఆ వాటా ఎంత, ఎప్పుడు వస్తుందని ఇప్పుడే రాతలో తీసుకోకపోతే రోడ్లు పాడయ్యేది మీ ఊరివి, పన్ను పోయేది మరోచోటికి. మన పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ జరపమంటోంది. ఒక గ్రామసభను పూర్తిగా ఈ విషయానికే పెట్టి, సంస్థ ప్రతినిధిని, భూగర్భజల శాఖ అధికారిని పిలిచి, చెప్పిన ప్రతి అంకెను తీర్మాన పుస్తకంలో రాయించండి. ఆవరణలోకి శిఖం (చెరువు గర్భంలోని) భూమి గాని, కుంటకు నీరు తెచ్చే వాగు గాని కలిసిపోలేదని సర్వే పటంతో సరిచూడటం మరచిపోకండి.

వీటన్నిటికన్నా ముందు చేయవలసిన పని ఒకటుంది, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మీ ఊరిలో నీరున్న పాత బావులు, మోటరు తీసేసి వదిలేసిన బోర్లు ఆరేడు ఎంచుకోండి. వాటిలో రెండు డేటా సెంటర్ స్థలానికి దగ్గరగా, రెండు దూరంగా ఉండాలి. ప్రతిదాని గట్టు మీద సున్నంతో ఒక గుర్తు పెట్టి, ఆ గుర్తు నుంచి నీటిమట్టం ఎంత లోతున ఉందో ప్రతి నెలా ఒకే తేదీన, పొద్దున్నే మోటర్లు నడవకముందు కొలిపించండి. హైస్కూలు పిల్లలు కూడా టీచరు తోడుంటే ఈ పని చక్కగా చేయగలరు. మే నెలాఖరు కొలత, వానలయ్యాక నవంబరు కొలత మాత్రం ఎట్టిపరిస్థితిలోనూ తప్పిపోకూడదు. మీకు దగ్గరలో ఉన్న భూగర్భజల శాఖ పరిశీలక బోరు కొలతలను కూడా పక్కనే రాయించి, కార్యదర్శి సంతకంతో పంచాయతీ రిజిస్టరులో భద్రపరచండి. పునాది తవ్వకాలు మొదలుకాకముందే కనీసం ఒక ఎండాకాలం, ఒక వానాకాలం లెక్క మీ చేతిలో ఉండాలి. రేపు ఎవరి బోరైనా ఎండితే, అది వాన లేక ఎండిందా, పక్కన తోడడం వల్ల ఎండిందా అని తేల్చడానికి ఆ పుస్తకం తప్ప మరో సాక్షి దొరకదు.